బొమ్మల్లో ఓర్చుకున్న నెత్తురు తెర మీద ఎందుకు ఓర్చుకోలేం?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కామిక్స్‌ నుంచి తీసిన హింసాత్మక సినిమాల మీద హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల, ములుగు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే తీరు ప్రశ్నలను కలిపేశాం.

*మా కాలేజీ ఫిల్మ్ క్లబ్బుల 'కిక్-యాస్' సినిమా వేసినం. పదకొండేండ్ల పిల్ల కత్తి పట్టి మనుషులను నరుకుతుంటే సగం మంది ఈలలు, చప్పట్లు. మిగిలినోళ్లు మొఖం తిప్పుకున్నరు, కొందరు లేచి పోయిండ్రు. తర్వాత పెద్ద లొల్లి. అందరం చూసింది ఒక్కటే సినిమా గదా, ఇంత తేడా ఎట్లొచ్చింది?*
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

మీ క్లబ్బులో అయిన లొల్లే 2010లో ఆ సినిమా విడుదలైనప్పుడు అమెరికా, బ్రిటన్ పత్రికల్లోనూ అయింది. అమెరికా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రాలకు ఒకే ఒక్కటి ఇచ్చి, నీతి తప్పిన సినిమా అని గట్టిగానే రాశాడు. అదే సమయంలో దాన్ని ఆకాశానికెత్తిన విమర్శకులూ ఉన్నారు. మార్క్ మిల్లర్ రాసి, జాన్ రొమీటా జూనియర్ బొమ్మలు గీసిన కామిక్ దీనికి మూలం. పెద్ద స్టూడియోలు వెనక్కి తగ్గితే దర్శకుడు మాథ్యూ వాన్ బయట డబ్బు పోగుచేసి తీశాడు. అంటే తగాదా సినిమా పుట్టకముందే మొదలైంది.

తేడా ఎక్కడ వచ్చిందో ఆ సినిమాలోనే కనిపిస్తుంది. మొదట్లో డేవ్ అనే కుర్రాడు ఆకుపచ్చ డ్రెస్సు వేసుకుని ఇద్దరు కార్ల దొంగల మీదికి పోతాడు. కడుపులో కత్తి దిగుతుంది, తూలుకుంటూ రోడ్డు మీదికొస్తే కారు గుద్దేస్తుంది. ఆ దెబ్బకు లెక్క ఉంది: ఆస్పత్రి, ఒంట్లో లోహపు పలకలు, దెబ్బతిన్న నరాలు. ఇక్కడ సినిమా మనతో ఒక ఒప్పందం చేసుకుంది: ఈ కథలో కొడితే నొప్పి పుడుతుంది. కాసేపటికి మీరు చెప్పిన ఆ పదకొండేళ్ల పిల్ల, హిట్-గర్ల్, డ్రగ్స్ అమ్మేవాళ్ల ఇంట్లో దూరి వరసపెట్టి నరుకుతుంది. వెనకాల ఒక పాత పిల్లల టీవీ షో పాట, రాక్ బ్యాండు దరువుతో హుషారుగా మోగుతుంటుంది. పడ్డవాళ్లు పడ్డట్టే, వాళ్ల గురించి ఎవరూ అడగరు. ఇది రెండో ఒప్పందం. చివర్లో ఆ పిల్ల తండ్రి మంటల్లో కాలిపోతాడు, విలన్ ఆ పిల్లను పిడిగుద్దులు గుద్దుతాడు. మళ్లీ నొప్పి వచ్చింది.

మొదటి ఒప్పందాన్ని మనసులో పెట్టుకుని కూర్చున్నవాళ్లకు రెండో సీన్లో కనిపించేది హంతకురాలిగా తయారైన చిన్నపిల్ల. పాట వినగానే రెండో ఒప్పందానికి మారిపోయినవాళ్లకు కనిపించేది సరదా సాహసం. ఇద్దరూ తెర మీద ఉన్నదాన్నే చదివారు. సున్నితం, మొరటు అని మనుషులను విడదీయడం దండగ. సినిమా దారి మార్చిన చోట ఎవరు దాని వెంట పోయారు, ఎవరు ఆగిపోయారు అన్నది అడగాలి.

ఈసారి చర్చ పెట్టేటప్పుడు 'నచ్చిందా, లేదా' అని మొదలుపెట్టకండి. ఒకసారి నోటితో అన్నాక ఎవరూ వెనక్కి తగ్గరు. రెండు మూడు నిమిషాల సీను ఒకటి తీసుకుని మూడుసార్లు వేయండి. మొదట శబ్దం లేకుండా. రెండోసారి తెర ఆపి శబ్దం ఒక్కటే. మూడోసారి రెండూ కలిపి. ఐదారుగురి చొప్పున, ఇష్టపడ్డవాళ్లు, పడనివాళ్లు కలిసేలా కూర్చోబెట్టి మూడు సంగతులు రాయించండి: దెబ్బ తగిలాక ఎన్ని సెకన్లు దాన్ని చూపించారు, ఆ సమయంలో ఎవరి మొహం కనిపించింది, పడిపోయినవాడి ఊసు కథలో మళ్లీ వచ్చిందా. శబ్దం తీసేసి చూస్తే చప్పట్లు కొట్టినవాళ్లలోనే కొందరు గమ్మునుంటారు, ఎందుకంటే నవ్వు చాలా వరకు పాట నుంచే వచ్చింది. ఇంకో మాట: మీ క్లబ్బుకు ఇంటర్ పిల్లలు కూడా వచ్చేటట్టుంటే ఇట్లాంటివి వేయకండి. ఆ సినిమాకు అమెరికాలో ఆర్ రేటింగ్ ఇచ్చారు, అంటే 17 ఏళ్లలోపు వాళ్లకు పెద్దల తోడు తప్పనిసరి. పోస్టర్ మీదే ఆ ముక్క రాయండి. లేచిపోయేవాళ్లు ముందే ఆగిపోతారు.

*హిరణ్యకశిపుని పేగులు మెడల వేసుకున్న నరసింహస్వామి పటం మా పూజగదిలనే ఉన్నది. మహిషాసురమర్దని సంగతి చెప్పనే అక్కర లేదు. చిన్నప్పటి సంది చూస్తున్నం, ఎవరం భయపడలే. ఆ విదేశీ బొమ్మల సినిమాలను చూస్తే మాత్రం కడుపుల తిప్పుతది. మా మనవడు 'రెండు ఒక్కటే కదా తాతా' అంటడు. ఏం చెప్పాలె?*
– విశ్రాంత ఉపాధ్యాయుడు, చేర్యాల

మీ ఊళ్లోనే దీనికి జవాబుంది సార్. చేర్యాల నకాషీ పటం చూడండి. బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల గుజ్జు పట్టించి, ఎర్రటి నేల మీద కథను పట్టీలు పట్టీలుగా గీస్తారు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల దాకా పొడవు. మార్కండేయ పురాణమో, కాటమరాజు కథో చెప్పే కళాకారుడు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో బొమ్మను చూపిస్తూ పాడతాడు. అందులో యుద్ధాలున్నాయి, తెగిన తలలున్నాయి. కానీ ఆ తల మీద చూపు ఎంతసేపు నిలవాలో నిర్ణయించేది ఎదుట కూర్చున్న జనాన్ని చూస్తూ పాడే మనిషి. పసిపిల్లలుంటే తొందరగా దాటేస్తాడు, ముసలివాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటే అక్కడే ఆగుతాడు.

కామిక్‌లో ఆ పెత్తనం చదివేవాడిది. భయమేస్తే పేజీ తిప్పేస్తాడు, కావాలంటే ఒక గడిని (ఒక్కో బొమ్మ ఉండే చట్రాన్ని) పది నిమిషాలు చూస్తాడు. రెండు గడుల మధ్య ఉన్న తెల్లటి సందులోనే దెబ్బ పడుతుంది, దాన్ని మనసులో పూర్తి చేసేది చదువరే. ఎవడి ధైర్యం కొద్దీ వాడు ఊహించుకుంటాడు.

సినిమాలో పెత్తనమంతా దర్శకుడిది. సెకనుకు 24 ఫ్రేములు మన అనుమతి లేకుండా నడుస్తుంటాయి. పైగా శబ్దం. బొమ్మలో ఎముక విరిగితే చప్పుడు ఉండదు. సినిమాలో ఆ చప్పుడు కోసం స్టూడియోలో సెలరీ కాడలు విరిచి, పుచ్చకాయలు పొడిచి, తడి తోలు బాది రికార్డు చేసి, థియేటర్ స్పీకర్లలో మన కడుపులోకి దింపుతారు. మొహం తిప్పుకున్నా చెవి మూసుకుపోదు. మీ కడుపులో తిప్పడానికి సగం కారణం చెవే. మనవడితో ఈసారి ఆ సీను శబ్దం ఆపి చూడండి.

పూజగదిలో పటానికి ఇంకో బలం ఉంది. ప్రహ్లాదుడి కథంతా తెలిసినవాళ్లే దాన్ని చూస్తారు. ఆ పేగులు ఎందుకు బయటపడ్డాయో పటం చెప్పనక్కర లేదు. మీ మనవడు చూసే సినిమాకు ఆ వెన్నుదన్ను ఉండదు. రెండు గంటల్లోనే తన హింసకు కారణం తనే సంపాదించుకోవాలి. కొన్ని సంపాదించుకుంటాయి, కొన్ని అరువు తెచ్చుకుంటాయి.

*'వాచ్‌మెన్' సినిమాను గడిగడికి కామిక్ లాగనే తీసిండ్రని పేరు. మరి ఆ పుస్తకం ప్రాణంగ చదివినోళ్లే ఎక్కువ తిట్టిండ్రు. ఎందుకట్ల?*
– కామిక్స్ అభిమాని, కరీంనగర్

గడి చూసి గీసినట్టే తీశారు, నిజమే. గడుల మధ్య సందును మాత్రం నెత్తురుతో నింపేశారు. గొడవంతా అక్కడే.

అలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ గీసిన ఆ కామిక్ 1986-87లో 12 సంచికలుగా వచ్చింది. చాలా పేజీలు తొమ్మిది సమానమైన గడుల్లో ఉంటాయి. తలుపు తీసినా, మనిషి చచ్చినా గడి పరిమాణం అంతే. హింసకు ప్రత్యేకంగా పెద్దపీట వేయకపోవడమే ఆ పుస్తకం పద్ధతి. 2009లో జాక్ స్నైడర్ సినిమాలో హింస వచ్చిన చోటల్లా కాలం నెమ్మదిస్తుంది, తెర విశాలమవుతుంది.

ఖచ్చితంగా చూడాలంటే, ముసుగు వేసుకుని నేరగాళ్లను వేటాడే రోర్షాక్ అనే పాత్ర, ఒక చిన్నపిల్లను చంపినవాణ్ని పట్టుకునే ఘట్టం తీసుకోండి. పుస్తకంలో వాణ్ని పొయ్యికి సంకెళ్లు వేసి, చేతికందేలా ఒక రంపం పడేసి, ఇంటికి నిప్పు పెట్టి బయటకొస్తాడు. వీధిలో నిలబడి మంటను చూస్తాడు. లోపలి నుంచి ఎవరూ రారు. చావు మనకు కనపడదు, రోర్షాక్ నిలబడ్డ తీరే కనపడుతుంది. మనిషి అక్కడ ఎట్లా రాయి అయిపోయాడో ఆ నిలబడటంలో ఉంది. సినిమాలో అదే రోర్షాక్ కత్తి తీసుకుని వాడి తల మీద మళ్లీ మళ్లీ నరుకుతాడు. చల్లగా తీర్పు చెప్పిన మనిషి కాస్తా కోపంతో ఊగిపోయే మనిషి అయ్యాడు. జైలు ఘట్టంలోనూ ఇంతే. ఊచల సందులో చేతులు ఇరుక్కున్న ఖైదీని పుస్తకంలో గొంతు కోస్తారు. సినిమాలో తిరిగే రంపంతో రెండు చేతులూ తెగ్గోస్తారు.

పుస్తకం చదవనివాళ్లకు ఇవి ఒళ్లు గగుర్పొడిచే సీన్లు. చదివినవాళ్లకు పాత్ర స్వభావమే మారిపోయింది. అభిమాని కోపాన్ని 'వీడు కామా మారినా ఓర్వడు' అని తీసిపారేయొద్దు. మారింది కామా కాదు. (అలన్ మూర్ ఆ సినిమా మీద తన పేరు వేయవద్దన్నాడు, వేయలేదు కూడా.)

అన్ని మార్పులూ చెడ్డవని కాదు. 'కిక్-యాస్' కామిక్‌లో హిట్-గర్ల్ తండ్రి చెప్పుకున్న మాజీ పోలీసు కథంతా అబద్ధం. అతనొక మామూలు అకౌంటెంట్, కామిక్స్ పిచ్చోడు. కూతురి బాల్యాన్ని ఒక కల్పన కోసం తగలబెట్టాడు. సినిమాలో అతను నిజంగానే మోసపోయిన పోలీసు. దాంతో సినిమాకు గుండె తడి వచ్చింది, పుస్తకంలోని చేదు పోయింది. మా లెక్కలో ఆ చేదే కథకు ప్రాణం. తండ్రి మాట నిజమని తేలగానే పిల్ల చేసిన హత్యలన్నిటికీ న్యాయం ముద్ర పడిపోతుంది.

*మా బాబుకు 13 ఏండ్లు. ఫోన్ల చిన్న చిన్న క్లిప్పులు చూసి, ఆ సినిమాలు పూర్తిగ చూస్తనని పట్టుబట్టిండు. వద్దంటే దొంగతనంగ చూస్తడు. సర్టిఫికెట్లు అర్థం గావు. ఏం జేయాలె?*
– తల్లి, మంచిర్యాల

అమ్మా, ముందు సర్టిఫికెట్ల సంగతి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక మన దగ్గర యు, యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+, ఏ అని ఉన్నాయి. యూఏ పక్కన ఉన్న అంకె తల్లిదండ్రులకు సూచన మాత్రమే, ఆ వయసు తక్కువైతే థియేటర్లో ఆపరు. ఏ సర్టిఫికెట్ సినిమాకు మాత్రం 18 నిండనివాళ్లను మీరు వెంట ఉన్నా రానివ్వకూడదు. టికెట్ కొనే యాప్‌లో సినిమా పేరు దగ్గరే అది రాసి ఉంటుంది. ఓటీటీలో ఇవే అంకెలు కనిపిస్తాయి, కానీ అవి సెన్సార్ బోర్డు ఇచ్చినవి కావు, 2021 ఐటీ నియమాల ప్రకారం ఆ సంస్థలే వేసుకుంటాయి. థియేటర్లో కత్తిరించిన ముక్కలు ఓటీటీలో ఉండొచ్చు. అందుకే 'థియేటర్లో యూఏ కదా' అని నమ్మి వదిలేయకండి.

ఓటీటీలో బాబుకు వేరే ప్రొఫైల్ పెట్టి వయసు పరిమితి వేయండి. అంతటితో సరిపోదు. చాలా ఇళ్లలో పిల్లల ప్రొఫైల్‌కు తాళం వేసి, పెద్దల ప్రొఫైల్‌ను తెరిచి పెడతారు. పిల్లాడు అమ్మ పేరు మీద నొక్కి హాయిగా చూస్తాడు. మీ ప్రొఫైల్‌కూ, నాన్న ప్రొఫైల్‌కూ పిన్ పెట్టండి, పుట్టిన తేదీ మాత్రం పెట్టొద్దు. టీవీలో మార్చాక ఫోన్లో కూడా ఒకసారి తెరిచి చూసుకోండి.

అసలు ప్రమాదం క్లిప్పుల్లోనే ఉంది. సినిమాలో నరికే సీనుకు ముందు భయం, తర్వాత ఏడుపు, ఆస్పత్రి, చావు ఉంటాయి. క్లిప్పు చేసేవాళ్లు నరకడం ఉంచి మిగతాదంతా కోసేసి, పైన పాట వేస్తారు. మీ బాబు చూసింది ఫలితం తీసేసిన హింస. కాబట్టి సినిమా పూర్తిగా చూపించడం కొన్నిసార్లు క్లిప్పుకు విరుగుడే, కానీ 13కు తగ్గ సినిమా అయితేనే. ఏ సర్టిఫికెట్ ఉన్నవి ఇంకా ఐదేళ్లు వద్దని సూటిగా చెప్పండి, కారణంతో సహా. 'నువ్వు చిన్నోడివి' అంటే మొండికేస్తాడు. 'దెబ్బ తర్వాత ఏమైందో ఆ క్లిప్పులో లేదు, ఉన్నదాన్ని చూసే వయసు రానీ' అంటే కనీసం వింటాడు. యూఏ 13+, యూఏ 16+ వాటిని మీరు ముందుగా మొత్తం చూడండి. మొదటి ఇరవై నిమిషాలు చూసి సరే అనుకుంటే పొరపాటు, ఇట్లాంటి సినిమాల్లో ఘోరమైనవన్నీ రెండో సగంలోనే పెడతారు. బాబుతో చూసేది పగటిపూట, హాల్లో, రిమోట్ మీ చేతిలో. మధ్యలో ఆపి 'ఆ పడిపోయినవాడి ఇంట్లో వాళ్లు ఇప్పుడేం చేస్తుంటారు' అని ఒక్కసారి అడగండి, ప్రసంగం వద్దు.

నెత్తురు లేని పోట్లాటల సినిమాలు పిల్లలకు మంచివని చాలామంది అనుకుంటారు. మేం ఒప్పుకోం. వందమంది పడిపోయినా ఒక్క చుక్క కారని సినిమా, కొడితే ఏమీ కాదని నేర్పుతుంది. సర్టిఫికెట్ నెత్తురునూ భాషనూ లెక్కగడుతుంది, ఈ సంగతిని మీరే చూసుకోవాలి.

*ఇవి చూస్తే కుర్రాళ్లు నేరాలు చేస్తారా?*
– నిజామాబాద్

సినిమా చూసినందుకే హత్య చేశారని తేల్చి చెప్పే ఆధారం లేదు. హింస చూశాక కాసేపు దురుసుతనం పెరుగుతుందని కొన్ని పరిశోధనలు అంటాయి, అది ఎంత, ఎన్నాళ్లు అన్న దానిపై పరిశోధకులకే పడదు. నటులకే సందేహం వచ్చిన సందర్భం ఒకటుంది: 2012 డిసెంబరులో అమెరికాలోని శాండీ హుక్ బడిలో కాల్పులు జరిగాక, 'కిక్-యాస్ 2'లో నటించిన జిమ్ క్యారీ ఆ స్థాయి హింసను సమర్థించలేనని విడుదలకు ముందే ప్రకటించాడు. ఆ కామిక్ రాసిన మిల్లర్ దాన్ని ఒప్పుకోలేదు. ఇద్దరివీ నిజాయితీగల మాటలే.

*రేటింగుల్లో ఒకచోట 5, ఒకచోట 90 శాతం, ఒకచోట బి ప్లస్. దేన్ని నమ్మాలె?*
– కాజీపేట

మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. శాతం ఇచ్చే రాటెన్ టొమాటోస్ చెప్పేది ఎందరు విమర్శకులు 'పర్వాలేదు' లేదా ఆపైన అన్నారని, ఎంత బాగుందని కాదు. అందరూ పదికి ఆరు వేసినా వంద శాతం రావొచ్చు. సినిమాస్కోర్ అనే సంస్థ అమెరికాలో విడుదల రోజు రాత్రి హాలు దగ్గర ప్రేక్షకులకు కార్డులిచ్చి ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా మార్కులు వేయించుకుంటుంది. మొదటి రోజు పరుగెత్తుకొచ్చేది అభిమానులే, కాబట్టి అది వాళ్ల ఆశ తీరిందా లేదా అన్నదే చెబుతుంది. 2019లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచి, వంద కోట్ల డాలర్లు దాటిన 'జోకర్'కు బి ప్లస్ వస్తే, 2024లో పాటలతో, కోర్టు సీన్లతో వచ్చిన రెండో భాగానికి డి వచ్చింది. హింస ఎక్కువై కాదు, వాళ్లు కోరుకున్న జోకర్ అందులో లేడని.

చీలిపోయిన సినిమాకు సగటు అసలే పనికిరాదు. పదిమందిలో ఐదుగురు 9, ఐదుగురు 1 వేస్తే సగటు 5. పదిమందీ 5 వేసినా సగటు 5. మొదటిది జనాన్ని రెండుగా చీల్చిన సినిమా, రెండోది ఎవరికీ పట్టని సినిమా. ఐఎండీబీలో రేటింగ్ మీద నొక్కితే 1 నుంచి 10 దాకా ఏ అంకెకు ఎన్ని ఓట్లు పడ్డాయో పట్టీలు కనిపిస్తాయి. రెండు కొనలూ ఎత్తుగా ఉంటే ఒక 9, ఒక 1 సమీక్ష చదవండి. ఇద్దరూ ఒకే సీను గురించి రాసి ఉంటే మీకు కావాల్సింది దొరికినట్టే.

*మేం నలుగురం దోస్తులం మేడారం కథను పదహారు పేజీల కామిక్‌గ గీసినం. దాన్నే పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నం. జంపన్న యుద్ధం ఎట్ల చూపాలె? నెత్తురు ఎట్ల తయారు జేయాలె?*
– ములుగు

తమ్ముళ్లూ, కథలోనే మీకు దారి ఉంది. జంపన్న సంపెంగ వాగులో పడ్డాడని, నీళ్లు ఎర్రబడ్డాయని, అప్పటి నుంచి అది జంపన్న వాగు అయిందని జనం చెప్పుకుంటారు. జనం గుర్తుపెట్టుకున్నది గాయాన్ని కాదు, వాగు రంగును. సమ్మక్క కూడా గాయంతో చిలకలగుట్ట వైపు నడిచి మాయమైందంటారు, వెతికినవాళ్లకు దొరికింది కుంకుమ భరిణె. మీ కామిక్‌లో కత్తి దిగే గడి ఉంటే సినిమాలో దాన్ని వదిలేసి, ముందు గడినీ తర్వాత గడినీ తీయండి. ఆమె లక్షల మందికి తల్లి, ఒంటి మీద గాయాన్ని దగ్గర నుంచి చూపొద్దు. తీసేముందు మేడారం కోయ పెద్దలకు బొమ్మలు చూపించండి.

నెత్తురుకు బేకరీ సామాన్ల దుకాణంలో లిక్విడ్ గ్లూకోజ్ కొనండి. పావు లీటరుకు అర టీస్పూను ఎర్ర ఫుడ్ కలర్, పావు టీస్పూను కోకో పొడి, రెండు చుక్కల నీలం. కోకోను ముందు రెండు స్పూన్ల గోరువెచ్చని నీళ్లలో కలపకపోతే ఉండలు కడుతుంది. నీలం లేకపోతే ఎల్‌ఈడీ వెలుగులో గులాబీ రంగు కొడుతుంది, కాబట్టి షూటింగ్ ముందు రోజే మీ కెమెరాతో, ఆ వెలుగులోనే పరీక్షించండి. చక్కెర పాకంతో చేస్తే ఎండగానే తెల్లగా పేరుకుంటుంది, చీమలూ పడతాయి. ఒంటికి ముందు పలచగా కొబ్బరినూనె రాస్తే రంగు పట్టదు. కళ్ల దగ్గర వాడొద్దు. ఒకే రకం చొక్కాలు కనీసం మూడు పెట్టుకోండి, మరక పడితే రెండో టేక్ ఉండదు. వాగు ఎర్రబడే షాట్‌కు నీళ్లలో రంగు కలపొద్దు, తాగే పశువులుంటాయి. ఎడిటింగ్‌లో రంగు మార్చుకోండి, లేదా పొద్దుగూకే వేళ తీయండి.

కత్తులు చెక్కవో, రబ్బరువో ఉండాలి, నిజమైనవి మొద్దుబారినా వద్దు. బయట తీస్తుంటే ఊరివాళ్లకూ, ఠాణాలోనూ ముందురోజే చెప్పండి. నెత్తుటి బట్టలతో పరుగెత్తే మనిషిని దూరం నుంచి చూసినవాళ్లకు కెమెరా కనపడదు. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు మొదటి బొమ్మగా నెత్తురున్న ఫ్రేము పెట్టకండి. వయసు పరిమితి పడితే మీ ఊరి బడిపిల్లలే చూడలేరు.